సోర్స్ తెరిచి ఉంటే చాలా?

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను ముప్పుతిప్పలు పెట్టింది. ఆ అక్షరం ‘జ్ఞా’. మామూలుగా మనం రాసే ‘జ్ఞానం’తో ఏ ఇబ్బందీ లేదు. ఒత్తుకూ దీర్ఘానికీ నడుమ కంటికి కనిపించని ఒక యూనికోడ్ సంకేతం చేరినప్పుడే చిక్కు. అలాంటి ‘జ్ఞా’ను ఎవరైనా మెసేజ్‌లో పంపితే అందుకున్నవాళ్ల ఫోన్‌లో ఆ యాప్ మూతపడేది, తెరవబోతే మళ్లీ మూతపడేది. తెలుగు అనే భాష ఒకటుందని ఎన్నడూ వినని వాళ్లు కూడా ఆ వారం తెలుగు అక్షరం గురించి మాట్లాడారు. ఫిబ్రవరి 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది.

ఈలోగా బయటి ప్రోగ్రామర్లు చేయగలిగింది ఊహించడమే. మొజిల్లాలో పనిచేసే ఒక ఇంజనీరు తెలుగు, బెంగాలీ, దేవనాగరి అక్షరాలను రకరకాలుగా కూర్చి, ఏ కూర్పుకు యాప్ పడిపోతోందో, దేనికి పడిపోవడం లేదో చూసి, లోపలి నియమం ఇలా ఉండొచ్చునని విశ్లేషించాడు. అక్షరాలను తెరమీద పేర్చే ఆ కోడ్ యాపిల్ సొంతం. దాన్ని చదివే వీలు ఆయనకు లేదు, మనకూ లేదు.

ఇదే పనిని ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో, ఆండ్రాయిడ్‌లో, లిబ్రేఆఫీస్‌లో చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము. ‘క’ కింద ‘ష’ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో, ‘స్త్రీ’లో మూడు హల్లులూ ఒక గుడిదీర్ఘమూ ఎలా ఒదగాలో, ఫాంటులోని నియమాల్ని చదివి పేర్చేది అదే. ఆ కోడ్ అందరికీ కనబడుతుంది. అందులో తెలుగుకు లోపం ఉంటే ఎవరైనా చూపవచ్చు, దిద్దవచ్చు, దిద్దినదాన్ని పంపవచ్చు. ఇంత మంచి ఏర్పాటు ఉన్నా, ఓపెన్ సోర్స్ ప్రోగ్రాముల్లో తెలుగు లోపాలు ఎవరూ పట్టించుకోక ఏళ్ల తరబడి అలాగే పడి ఉండటం వాడేవాళ్లందరికీ తెలుసు. యాపిల్ లోపం మాత్రం రోజుల్లో పోయింది. అక్కడ ఆ పనికి జీతం తీసుకునే మనిషి ఉన్నాడు.

ఓపెన్ సోర్స్ గురించి నేను చెప్పదలుచుకున్నదంతా ఈ రెండు సంగతుల మధ్యే ఉంది. తెరిచిన సోర్స్ మనకు హక్కునిస్తుంది. ఆ హక్కును వాడే మనిషిని ఇవ్వదు. ఆ మనిషి ఎక్కడినుంచి వస్తాడన్నదే గత నలభై ఏళ్లుగా అసలు ప్రశ్న.

చరిత్రను క్లుప్తంగానే చెప్పుకుందాం. 1983 సెప్టెంబరులో అమెరికాలోని ఎంఐటీలో పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్, ఎవరైనా వాడుకోగల, మార్చుకోగల, పంచుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తానని ప్రకటించాడు. అదే గ్ను ప్రాజెక్టు. 1991 ఆగస్టులో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని చెప్పాడు. అదే లినక్స్. దాని కెర్నల్, అంటే లోపలి గుండెకాయ, ఇవాళ ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఉంది. 1993 ఏప్రిల్ 30న స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనాలయం, తమ దగ్గర టిమ్ బెర్నర్స్-లీ కనిపెట్టిన వరల్డ్ వైడ్ వెబ్ మీద ఏ హక్కూ ఉంచుకోకుండా ప్రజలకు వదిలేసింది. 1998లో నెట్‌స్కేప్ తన బ్రౌజరు సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది. ‘ఓపెన్ సోర్స్’ అన్న పేరూ ఆ ఏడాదే పుట్టింది.

వీటన్నిటిలో నాకు స్టాల్‌మన్ రాసిన లైసెన్సే గొప్ప ఆవిష్కరణగా కనిపిస్తుంది. జీపీఎల్ మొదటి రూపం 1989లో వచ్చింది. కాపీరైట్ చట్టం రచయితకు ఇచ్చే అధికారాన్ని తీసుకుని, దాంతోనే పాఠకుడికి స్వేచ్ఛ రాసిచ్చాడు. ఈ ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకో, చదువు, మార్చు, పంచు. కానీ నువ్వు మార్చి ఇతరులకు ఇచ్చేటప్పుడు నీకు దక్కిన ఈ హక్కులన్నీ వాళ్లకూ దక్కాలి. ఈ ఒక్క షరతు వల్లే లినక్స్ కెర్నల్‌ను మార్చి ఇతరులకు అందించే పెద్ద పెద్ద కంపెనీలు తమ మార్పుల్ని మళ్లీ అందరికీ తెరిచి ఇవ్వవలసి వస్తోంది. ఎంఐటీ, అపాచీ వంటి లైసెన్సులు ఈ షరతు పెట్టవు. తీసుకెళ్లి మూసిన ప్రోగ్రాములో కలుపుకున్నా అభ్యంతరం లేదంటాయి. ఏది మేలన్న వాదన ఇంకా తెగలేదు. పదిమంది ఉమ్మడిగా కట్టుకునే పునాదికి జీపీఎల్ మంచిది, వీలైనంత విస్తృతంగా పాకాల్సిన చిన్న పరికరానికి రెండో రకం మంచిది అన్నది నా అభిప్రాయం.

ఇక తెలుగు సంగతి. ఈ తరం పిల్లలకు నమ్మశక్యంగా ఉండదు గానీ, ఇరవై ఏళ్ల కిందట ఒక తెలుగు పత్రిక వెబ్‌సైటు చదవాలంటే ఆ పత్రిక ఫాంటు ఉండాలి. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు, ఒక్కో ఫాంటుకు ఒక్కో లోపలి సంకేత పద్ధతి. ఒకచోటినుంచి కాపీ చేసి ఇంకోచోట పెడితే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు వచ్చేవి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటున్నా, దాన్ని సరిగ్గా చూపే ఫాంట్లూ రాసే పరికరాలూ లేవు. ఆ ఖాళీని పూరించినవాళ్లలో ఎక్కువమంది వేరే ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు ఈ పని చేసినవాళ్లే. తిరుమల కృష్ణ దేశికాచారి గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. వెన్న నాగార్జున గారు 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలుపెట్టారు. పత్రికల పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపే ‘పద్మ’ను ఫైర్‌ఫాక్స్ కోసం రాశారు. ఇంగ్లిషు కీబోర్డు మీద తెలుగు రాయడానికి వీవెన్ గారు చేసిన ‘లేఖిని’ ఆ పద్మ కోడ్‌ను ఆధారం చేసుకునే వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగాలి. పద్మ రాసిన మనిషి వేరు, లేఖిని చేసిన మనిషి వేరు. మొదటి ఆయన రెండో ఆయన కోసం రాయలేదు. తెరిచి ఉంచాడు, అంతే. ఆ తెరిచిన కోడ్ వల్ల రెండో మనిషి లిప్యంతరీకరణను మొదటినుంచి రాసుకోవలసిన అవసరం తప్పి, వాడకం సులువు చేయడం మీద దృష్టి పెట్టగలిగాడు. ఆ పేజీలో కూర్చుని తెలుగు టైపింగ్ నేర్చుకున్నవాళ్లెందరో తర్వాత బ్లాగులు రాశారు, వికీపీడియాలో వ్యాసాలు రాశారు. ఆ వికీపీడియా నడిచే మీడియావికీ కూడా ఓపెన్ సోర్సే. ఇప్పుడక్కడ లక్షకు పైగా తెలుగు వ్యాసాలున్నాయి.

ఫాంట్ల విషయంలోనూ ఇలాగే జరిగింది. సిలికానాంధ్ర అందించిన మండలి, సురవరం, గిడుగు, ధూర్జటి, తిమ్మన, రామభద్ర వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. పెళ్లి శుభలేఖ అచ్చువేసే దుకాణదారుడు పైసా కట్టకుండా వాడుకోవచ్చు. ఏదైనా ఒత్తు పక్క అక్షరాన్ని తాకుతోందనుకుంటే, చేతనైనవాళ్లు ఫాంటు తెరిచి దిద్దుకోవచ్చు, దిద్దినదాన్ని లైసెన్సు షరతులకు లోబడి పదిమందికీ ఇవ్వవచ్చు. డబ్బిచ్చి కొన్న చాలా ఫాంట్ల విషయంలో ఈ రెండో పని నేరం.

మూసిన పరికరం మీద ఒక భాష ఆధారపడితే ఏమవుతుందో మన డీటీపీ సెంటర్లు చూపిస్తున్నాయి. అక్కడ పుటలు పేర్చే పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత కొత్తది రాలేదు. అయినా తెలుగు పుస్తకాలు, కరపత్రాలు, ఆహ్వానాలు ఇప్పటికీ ఎన్నో చోట్ల అందులోనే, అను ఫాంట్లతోనే తయారవుతున్నాయి. అలవాటు, వేగం, అక్షరాల అందం కారణాలు కావచ్చు, ఆపరేటర్లను తప్పుపట్టలేం. కానీ దశాబ్దాల తెలుగు పుస్తకాల మూలప్రతులు యూనికోడ్ కాని సంకేతాల్లో చిక్కుకుపోయాయి. వాటిలో ఒక మాట వెతకాలన్నా, ఈ-బుక్ చేయాలన్నా ముందు కన్వర్టర్‌లో వేసి, తర్వాత తప్పులు ఏరుకోవాలి.

పేజ్‌మేకర్‌కు ఓపెన్ సోర్స్ ప్రత్యామ్నాయం స్క్రైబస్. చాలాకాలం అది తెలుగును సరిగ్గా పేర్చేది కాదు, ఒత్తులు విడిపోయేవి. అది మారిన తీరు నాకెంతో ఇష్టమైన కథ. ఒమాన్‌లోని ఓపెన్ సోర్స్ బృందం ఒకటి తమ అరబీ భాష కోసం స్క్రైబస్‌లో హార్ఫ్‌బజ్‌ను కలిపే పని చేపట్టింది. సంక్లిష్ట లిపులన్నిటికీ పనికొచ్చే పద్ధతి కాబట్టి, అరబీ కోసం చేసిన ఆ పనితో తెలుగుకూ దారి తెరుచుకుంది. 2024 జనవరిలో వచ్చిన స్క్రైబస్ 1.6 స్థిర వెర్షన్‌లో అది అందరికీ అందింది. ఒమాన్‌లో కూర్చున్నవాళ్లు మనల్ని తలుచుకుని చేసిన పని కాదది. తెరిచిన చోట చేరితే ఒకరి పని ఇంకొకరికి ఇలా అందుతుంది. అలాగని స్క్రైబస్ ఇప్పటికిప్పుడు ఇన్‌డిజైన్‌కు సాటి అని నేననను. అచ్చు పనికి కావలసిన రంగుల విషయంలో ఫొటోలు దిద్దే గింప్ కూడా ఫొటోషాప్‌కు ఇంకా సరితూగదు. ఈ కొరతలు దాచి ఓపెన్ సోర్స్‌ను పొగిడితే, నమ్మి వచ్చినవాడు రెండో రోజే వెనక్కి పోతాడు.

ఇప్పుడు కష్టమైన భాగం. తెరిచిన కోడ్‌ను చూసుకునేదెవరు? 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడింది. బ్యాంకులు, ఈమెయిల్ సేవలు, ప్రభుత్వ వెబ్‌సైట్లు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో రెండేళ్లుగా ఉన్న తప్పు అది. అప్పుడు తెలిసిన ఇంకో విషయం ఎక్కువ కలవరపెట్టింది. ప్రపంచపు ఆన్‌లైన్ లావాదేవీల్ని కాపాడుతున్న ఆ ప్రాజెక్టుకు విరాళంగా వచ్చేది ఏడాదికి సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలం పనిచేసేది ఒక్క మనిషి. 2016 మార్చిలో ఒక ప్రోగ్రామర్ అలిగి, పట్టుమని పదకొండు పంక్తుల తన ‘లెఫ్ట్-ప్యాడ్’ను ఎన్‌పీఎం అనే కోడ్ భాండాగారం నుంచి తీసేస్తే, దాని మీద ఆధారపడిన వేల ప్రాజెక్టులు నిర్మాణంలోనే ఆగిపోయాయి. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీలో లోపం బయటపడింది. అప్పుడూ స్వచ్ఛందంగా చూసుకునే కొద్దిమంది మీదే ప్రపంచమంతా విరుచుకుపడింది.

అన్నిటికన్నా లోతైన పాఠం ఎక్స్‌జెడ్‌ది. ఫైళ్లను కుదించే చిన్న లైబ్రరీ అది. ఫిన్లాండ్‌లోని ఒకే ఒక్క మెయింటెయినర్ ఏళ్లుగా జీతం లేకుండా చూసుకుంటున్నాడు. 2021లో ‘జియా టాన్’ అన్న పేరుతో ఒకరు సాయానికి వచ్చారు. మంచి కోడే పంపారు. ఆ మరుసటి ఏడాది, ముక్కూమొహం తెలియని పేర్లతో కొందరు మెయింటెయినర్‌ను సతాయించడం మొదలుపెట్టారు: పని నెమ్మదిగా సాగుతోంది, ఇంకొకరికి అప్పగించరాదా అని. అలసిపోయిన మనిషి క్రమంగా జియా టాన్‌కు అధికారాలిచ్చాడు. 2024 ఫిబ్రవరిలో విడుదలైన 5.6.0 వెర్షన్‌లో, పరీక్షల కోసం పెట్టే ఫైళ్లలో దాచిన దొంగదారి ఉంది. దాని తాళం తెలిసినవాడు ఆ వెర్షన్ ఉన్న సర్వర్లలోకి నేరుగా దూరగలడు.

దీన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజనీరు. ఆయన వెతికింది దొంగల్ని కాదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు వేగాన్ని కొలుస్తుంటే, సర్వరులోకి లాగిన్ కావడానికి మామూలుకన్నా అర సెకను ఎక్కువ పడుతోందనిపించింది. ఎందుకని తవ్వుతూ పోయి, 2024 మార్చి 29న లోకానికి చెప్పాడు. లినక్స్ పంపిణీల స్థిర వెర్షన్లలోకి అది చేరేలోపే ఆగింది. సోర్స్ తెరిచి ఉండబట్టే ఆయన తవ్వగలిగాడన్నది నిజం. అయితే, ఆ దొంగదారిని పనిచేయించే ఒక కీలకమైన ముక్క అందరూ చూసే కోడ్ భాండాగారంలో లేదు, విడుదల చేసిన ప్యాకేజీలో మాత్రమే ఉంది. చూడగల కళ్లు కోట్లున్నా చూస్తున్న కళ్లు ఎన్నన్నదే లెక్క. ఇంత పెద్ద భవంతి బరువు ఒక్క మనిషి భుజాల మీద ఉందని ఎవరికీ పట్టకపోవడమే ఆ దాడికి అవకాశమిచ్చింది.

కంపెనీలు పోషిస్తే సమస్య తీరుతుందా? కొంతవరకే. లినక్స్ కెర్నల్‌లో చేరే కోడ్‌లో అధికభాగం ఇవాళ జీతగాళ్లు రాసిందే, అది ఆరోగ్యకరమే. కానీ ఒకే కంపెనీ గుప్పిట్లో ఉన్న ప్రాజెక్టులు వేరు. 2023 ఆగస్టులో హాషీకార్ప్ కంపెనీ తన టెర్రాఫామ్ ప్రోగ్రామును, 2024 మార్చిలో రెడిస్ కంపెనీ తన డేటాబేసును ఓపెన్ సోర్స్ లైసెన్సు నుంచి తప్పించాయి. పెద్ద క్లౌడ్ కంపెనీలు తమ కష్టాన్ని అమ్ముకుని ఏమీ తిరిగివ్వడం లేదన్నది వాళ్ల ఫిర్యాదు. అందులో న్యాయం లేకపోలేదు. కానీ వాళ్ల కోడ్‌ను బయటివాళ్లెందరో నమ్మి, దిద్ది, పెంచారు, వాళ్ల మాటేమిటి? పాత లైసెన్సు ఇచ్చిన హక్కు అక్కడే పనికొచ్చింది. టెర్రాఫామ్ పాత కోడ్ నుంచి ఓపెన్‌టోఫూ, రెడిస్ నుంచి వాల్కీ పుట్టాయి, రెండూ లినక్స్ ఫౌండేషన్ నీడలో నడుస్తున్నాయి. 2025 మేలో రెడిస్ మళ్లీ ఓపెన్ సోర్స్ లైసెన్సుకు వచ్చింది. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి లిబ్రేఆఫీస్ విడిపోయినప్పుడూ ఇదే హక్కు ఆ ప్రోగ్రామును బతికించింది.

వాడేవాళ్లు కలిసివస్తే ఏమవుతుందో చెప్పడానికి యానిమేషన్ ప్రోగ్రాము బ్లెండర్ చాలు. 2002లో దాన్ని తయారుచేసే కంపెనీ మూతపడింది. దాని సృష్టికర్త టాన్ రోసెండాల్ లక్ష యూరోలు చందాలుగా వసూలుచేసి, పెట్టుబడిదారులనుంచి కోడ్ విడిపించి జీపీఎల్ కింద పెట్టాడు. చందాలు పోగవడానికి ఏడు వారాలు పట్టింది. ఆ బ్లెండర్‌తో తీసిన లాత్వియా చిత్రం ‘ఫ్లో’ 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకుంది.

వెబ్ పరికరాలతో ఇంకో చిక్కుంది. కంప్యూటర్‌లో వేసుకున్న ప్రోగ్రాము మన దగ్గరే ఉంటుంది; కంపెనీ పోయినా కొన్నాళ్లు పనిచేస్తుంది. వెబ్ పరికరం వేరొకరి సర్వరులో ఉంటుంది. 2013 జులై 1న బ్లాగుల కొత్త రాతల్ని ఒక్కచోట చూపే గూగుల్ రీడర్ మూసేసినప్పుడు దాన్ని రోజూ వాడేవాళ్లు చేయగలిగిందల్లా తమ జాబితాను దించుకుని వేరేచోటికి పోవడమే. ఉచితంగా దొరుకుతోంది కదా అని ఓపెన్ సోర్స్ అనుకోవడం చాలామందిలో చూస్తున్నాను. రెండింటికీ సంబంధం లేదు. ఒక వెబ్ పరికరం ఎంచుకునే ముందు నేను రెండు సంగతులు చూస్తాను. నా సమాచారం మొత్తాన్ని వేరే ప్రోగ్రాము చదవగల రూపంలో దించుకోవచ్చా? ఇదే పరికరాన్ని ఇంకొకరి సర్వరులోనో, నా సర్వరులోనో నడుపుకోవచ్చా? వర్డ్‌ప్రెస్, నెక్స్ట్‌క్లౌడ్, ఈథర్‌ప్యాడ్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఈ పరీక్షకు నిలబడతాయి. సొంత సర్వరు అందరికీ కుదరదు, అవసరం కూడా లేదు. పరిచయస్తుల్లో ఒకరికి కుదిరినా నయమే.

ప్రభుత్వాల విషయంలో నా మాట కటువుగానే ఉంటుంది. కేంద్రప్రభుత్వం 2015లోనే ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించింది. టెండర్లలో ఓపెన్ సోర్స్‌ను పరిశీలించాలి, కాదంటే కారణం చెప్పాలి అన్నది అందులోని నియమం. కేరళ అంతకన్నా ముందే బడి కంప్యూటర్లను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మార్చి, టీచర్లకు శిక్షణ ఇచ్చి, ఆ దారిలోనే కొనసాగుతోంది. తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ చదివిన పిల్లలకు కొదవ లేదు. 2005 నుంచి హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ సంస్థ పనిచేస్తోంది. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది, ఊళ్లలో, కాలేజీల్లో వందలమంది విద్యార్థుల్ని ఈ పనిలోకి దించింది. ఈ బలం ఉండి కూడా, ప్రజల డబ్బుతో రాయించిన సాఫ్ట్‌వేర్ ప్రజలకు తెరిచి ఉండాలన్న నియమం మన దగ్గర గట్టిగా అమలు కాకపోవడం అన్యాయం. న్యూజిలాండ్‌లో ఒక చిన్న ప్రాంతపు గ్రంథాలయ ట్రస్టు తనకోసం రాయించుకున్న గ్రంథాలయ నిర్వహణ ప్రోగ్రాము కోహా, 2000లో మొదలై, ఇవాళ మన విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల్లోనూ నడుస్తోంది. ఆ ట్రస్టువాళ్లు దాన్ని మూసిపెట్టుకుని ఉంటే మనకు అందేది కాదు.

కృత్రిమ మేధ వచ్చాక ‘ఓపెన్’ అన్న మాట మరీ పలచబడింది. చాలా కంపెనీలు మోడల్ వెయిట్లను, అంటే శిక్షణలో తేలిన అంకెలను, దించుకోనిచ్చి ఓపెన్ సోర్స్ అంటున్నాయి. ఏ పాఠంతో శిక్షణ ఇచ్చారో చెప్పడం లేదు. 2024 అక్టోబరులో ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ దీనికో నిర్వచనం ఇచ్చింది, దానిమీదా వాదాలున్నాయి. తెలుగు వరకు చూస్తే, స్వేచ్ఛ విద్యార్థులతో పాత కథల పుటలు సేకరింపజేసి, దిద్దించి ‘చందమామ కథల’ మోడల్ చేయించిన దారే నాకు సరైనదిగా తోస్తుంది. పాఠం ఎక్కడిదో తెలుసు, దిద్దినవాళ్లెవరో తెలుసు.

డబ్బు కొంత కదులుతోంది. జర్మనీ ప్రభుత్వం 2022 నుంచి మౌలికమైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నిధులిస్తోంది. మన దేశంలో జెరోధా అనే కంపెనీ 2024 అక్టోబరులో ఏడాదికి పది లక్షల డాలర్ల నిధి ప్రకటించింది. రోజూ ఈ కోడ్ మీద వ్యాపారం చేసే మన సాఫ్ట్‌వేర్ కంపెనీలన్నీ ఆ దారి పట్టాలి.

డబ్బు లేనివాళ్లకూ పని ఉంది, దానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. ట్రాన్స్‌లేట్‌వికీలో మీడియావికీ సందేశాలు తెలుగు చేయవచ్చు. లిబ్రేఆఫీస్‌లో ఒక ఒత్తు పక్కకు జరిగి కనబడిందనుకోండి. విసుక్కుని వదిలేయకండి. ఆ మాటను యూనికోడ్‌లో రాసి, ఏ ఫాంటు, ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అన్నది చెప్పి, తప్పుగా కనబడే తెర ఫొటో ఒకటి, ఎలా ఉండాలో చూపే ఫొటో ఒకటి జతచేసి వాళ్ల బగ్ జాబితాలో నమోదు చేయండి. దాన్ని దిద్దగలిగే మనిషి జర్మనీలోనో కెనడాలోనో ఉండవచ్చు. అతనికి తెలుగు రాదు. ఆ అక్షరం తప్పని అతనికి చెప్పాల్సింది తెలుగు చదవగలిగిన మనమే.